కుంట కట్ట: నీళ్ల వైపు కాదు, బయటి వైపు చూడండి

మాది మహబూబాబాద్ జిల్లా. పొలంలో ఎకరంన్నర సొంత కుంట, దాని కింద నాలుగెకరాల వరి. సొంతది కాబట్టి చెరువు నీళ్లు చూసుకునే నీరటికాడు ఉండడు. గండి పడితే కింది పొలాలవాళ్లకు జవాబు మనమే చెప్పుకోవాలి.

2024 సెప్టెంబరు 1న, రైలు పట్టాల కింది కంకర కొట్టుకుపోయిన ఆ వానలో, తెల్లవారుజామున బయటి వైపు కట్ట అడుగున బొటనవేలంత ఊట కనిపించింది. ఊట కొత్తేం కాదు, రంగే కొత్త. స్టీలు గ్లాసులో పట్టి పది నిమిషాలు ఆగాను. అడుగున వేలి మందం మట్టి పేరుకుంది. తేట ఊటకు టెన్షన్ అక్కర్లేదు, అది పెరగనంతవరకు. మట్టి వస్తోందంటే కట్ట లోపల బుంగ పడుతోందన్నమాట.

"బస్తా కుక్కేద్దాం బావా" అన్నాడు మా బామ్మర్ది. అస్సలు చేయొద్దు. అక్కడ మూస్తే నీళ్లు ఇంకోచోట తన్నుకొస్తాయి. ముందు కింది పొలాలవాళ్లకు ఫోన్ చేశాం. ఊట చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, లోపల దొడ్డు ఇసుక, దానిపైన కంకర, ఆపైన రాళ్లు వేశాం. నీళ్లు వచ్చాయి, మట్టి ఆగింది. తూము కొంచెమే లేపాం. నీళ్లు ఒక్కసారిగా దిగితే నానిన లోపలి వాలు జారిపోతుంది. ఊట ఇంకా పెరిగి ఉంటే మేమూ కట్ట దిగి పోయేవాళ్లమే.

ఎండాకాలంలో తవ్వితే పుచ్చిన తుమ్మ వేరు బయటపడింది. మూడేళ్ల కింద చెట్టు కొట్టి మొద్దు వదిలేసింది నేనే. అందుకే ఇప్పుడు తుమ్మ మొక్క బొటనవేలంత ఉండగానే వేర్లతో పీకేస్తున్నా. గరికను మాత్రం ముట్టుకోను, కట్టకు అదే చొక్కా.

మే నెలలో ఎండ్రికాయల బొక్కలు, పందికొక్కుల బొరియలు చివరిదాకా తవ్వి పూడుస్తాం. పిడికిట్లో పిసికితే ముద్ద కట్టేంత తడి ఉన్న బంకమట్టిని అరడుగు చొప్పున పోసి దిమ్మిసతో కొట్టాలి. పొడిమట్టి పోసి కాలితో తొక్కితే లాభం లేదు.

మత్తడి (కుంట నిండాక నీళ్లు పొర్లిపోయే చోటు) నిండుగా దుంకినా కట్ట ఇంకా మూడడుగులు పైన ఉండాలి. ట్రాక్టర్ తిరిగేచోట కట్ట కుంగుతుంది. మేస్త్రీల లెవెల్ పైపు పట్టి చూస్తే మాకు ఒకచోట అడుగు తక్కువ తేలింది. చేపలు పోతాయని మత్తడికి వల కట్టకండి. తుంగ, చెత్త చిక్కుకుని నీళ్లు కట్ట మీదుగా పారతాయి. మా ఇంట్లో ఈ గొడవ ఏటా ఉంటుంది. చేపలు పోతే పోనీ అంటాను నేను.

ఆ గ్లాసు ఇప్పుడు మోటరు గదిలో మేకుకు వేలాడుతోంది.