రక్తనాళాలపై ఆక్సీకరణ ఒత్తిడి తగ్గించాలంటే ముందు ఏం చేయాలి?

ఆక్సీకరణ ఒత్తిడి అంటే ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు శరీరం అదుపు చేయగలిగినదానికంటే ఎక్కువై కణాలను దెబ్బతీయడం. వాటిని అడ్డుకోవడానికని వాడే యాంటీఆక్సిడెంట్ మాత్రలతో (విటమిన్ సి, ఇ లాంటివి) మొదలుపెట్టొద్దు. ముందు నష్టం ఎక్కడ జరుగుతుందో చూడండి.

రక్తనాళం లోపలివైపు ఒక్క కణం మందాన ఎండోథీలియం అనే పొర ఉంటుంది. అది వదిలే నైట్రిక్ ఆక్సైడ్ వల్లే నాళం సడలుతుంది. పొగతాగడం, బీపీ, అదుపు తప్పిన షుగర్ వల్ల అదే గోడలో సూపరాక్సైడ్ అనే ఫ్రీ రాడికల్ పెరుగుతుంది. రెండూ ఎదురుపడితే చాలు, క్షణంలో కలిసి పెరాక్సీనైట్రైట్ అయిపోతాయి. సడలించేది పోయింది, ప్రొటీన్లను, కొవ్వులను దెబ్బతీసేది వచ్చింది. చివరికి నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేయాల్సిన ఎంజైమే సూపరాక్సైడ్‌ను వదలడం మొదలుపెడుతుంది. గోడలోకి దూరిన ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) కూడా ఆక్సీకరణ చెందుతుంది. మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాలు దాన్ని మింగి మింగి నురగ కణాలవుతాయి. రక్తనాళాల్లో పూడికకు అదే తొలి మెట్టు.

సూపరాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ కలిసే వేగం ముందు మింగిన విటమిన్ ఏపాటి? 2000లో వెలువడిన హోప్ ట్రయల్ అనే వైద్య పరీక్షలో రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ వేసుకున్నా గుండెపోట్లు తగ్గలేదు. 2005 నాటి దాని కొనసాగింపులో హార్ట్ ఫెయిల్యూర్ కేసులు పెరిగాయి కూడా. అందుకే పుట్టే చోటే ఆపాలి.

మొదట సిగరెట్. తగ్గించడం కాదు, పూర్తిగా మానాలి. రోజుకు 20 కాల్చేవాళ్లకుండే అదనపు గుండె ముప్పులో సగానికి దగ్గరగా ఒక్క సిగరెట్‌తోనే వస్తుంది.

తర్వాత బీపీ. ఇంట్లో చూసుకునేటప్పుడు తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. అంతకుముందు అరగంట కాఫీ, పొగ వద్దు. మూత్రం ఆపుకుని కూర్చోవద్దు. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి 5 నిమిషాలు మౌనంగా కూర్చోండి. చేతికి చుట్టే పట్టీని (కఫ్) చొక్కా మీద కాకుండా చర్మం మీదే, గుండె ఎత్తులో కట్టండి. లావు చేతికి చిన్న కఫ్ కడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి సగటు రాసుకోండి. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపే.

షుగర్, కొలెస్ట్రాల్ మందులు సొంతంగా ఆపొద్దు. స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మందు ఎల్‌డీఎల్‌ను తగ్గిస్తే, ఆక్సీకరణ చెందే సరుకే తగ్గినట్టు.

ఇక వ్యాయామం: వారానికి 150 నిమిషాల వేగపు నడక. నడిచేటప్పుడు ఛాతీలో నొప్పి, బిగుతు వస్తే ఆగి వెంటనే వైద్య సహాయం తీసుకోండి. వ్యాయామంలోనూ ఫ్రీ రాడికల్స్ పుడతాయి, కానీ కొద్దిపాటివి మేలే. శరీరం సొంత రక్షణ ఎంజైములను పెంచుకునేది వాటిని చూసే. నడకతో పాటు పెద్ద మోతాదుల్లో విటమిన్ సి, ఇ మింగితే ఆ సంకేతమే మందగించవచ్చు.