ఆడియో నవల: గొంతు ఎంచుకోవడం దగ్గర్నుంచి స్లీప్ టైమర్ దాకా

ఆడియో నవల కొనేటప్పుడు చాలామంది కథ చూస్తారు, రచయిత పేరు చూస్తారు. చదివింది ఎవరో, అంటే నెరేటర్ ఎవరో చూడరు. కానీ 10 గంటలపాటు మీ చెవిలో ఉండబోయేది ఆ గొంతే. గొంతు నప్పకపోతే ఎంత గొప్ప నవలైనా రెండో అధ్యాయం దాటదు. అందుకే ముందు శాంపిల్ వినాలి.

శాంపిల్ సాధారణంగా 5 నిమిషాలు ఉంటుంది. పని చేసుకుంటూ కాకుండా, ఖాళీగా కూర్చుని వినండి. మొదటి నిమిషంలో ఏ నిర్ణయానికీ రావద్దు, కొత్త గొంతు ఎవరిదైనా చెవికి కాసేపు కొత్తగానే ఉంటుంది. ఆ తర్వాత సంభాషణ వచ్చే చోట చెవి పెట్టండి. వర్ణన బాగా చదివేవాళ్లు చాలామందే ఉన్నారు, అసలు పరీక్ష మాటల దగ్గరే.

ఒక వాక్యం చూడండి: ‘‘ఇక్కణ్నుంచి వెళ్లిపో’’ అంది ఆమె, పక్కగదిలోకి వినపడకుండా. తెలుగులో ఇలాంటి చోట మాట ముందు వస్తుంది, దాన్ని ఎలా అన్నారన్నది తర్వాత వస్తుంది. పేజీ ముందే చదువుకోకుండా మైకు ముందు కూర్చున్నవారు ‘‘వెళ్లిపో’’ అని గట్టిగా అనేసి, ఆనక ‘‘వినపడకుండా’’ అంటారు. అప్పటికే వినేవారి మనసులో ఆమె అరిచేసింది. సిద్ధపడి వచ్చిన నెరేటర్ ఆ మాటను గొంతు పైకి రానీయకుండా, పళ్ల బిగువున పలుకుతారు. 5 నిమిషాల్లో ఇలా రెండుసార్లు తప్పారంటే పుస్తకమంతా అదే వరస అనుకోవచ్చు.

రెండో పరీక్ష, ముగ్గురు మాట్లాడుకునే సన్నివేశం. ‘అన్నాడు’, ‘అంది’ అన్న మాటలు రాకముందే ఎవరు మాట్లాడుతున్నారో తెలిసిపోవాలి. మగవారు ఆడపాత్రలకు సన్నగొంతు పెట్టి పలికితే కాసేపటికే విసుగొస్తుంది. చేయి తిరిగినవారు గొంతు పెద్దగా మార్చరు. ఒక పాత్ర తొందరపడుతుంది, ఇంకొకరు మాటకు ముందు ఊపిరి తీసుకుంటారు, మరొకరు వాక్యం చివర గొంతు దించేస్తారు. తేడా తెలియడానికి అది చాలు.

వివరాల పేజీలో డ్యూయల్, డ్యూయెట్ అని కనిపిస్తే రెండూ ఒకటే అనుకోకండి. డ్యూయల్‌లో ఇద్దరు నెరేటర్లు అధ్యాయాలు పంచుకుంటారు. డ్యూయెట్‌లో ఒకే సన్నివేశంలో ఆడపాత్రల మాటలు ఒకరు, మగపాత్రల మాటలు ఇంకొకరు పలుకుతారు. ఫుల్ కాస్ట్ అంటే పాత్రకో గొంతు. కొత్తగా మొదలుపెట్టేవారికి ఒక్క గొంతు చదివిన నవలే మంచిది. కథంతా ఒకే మనిషి చెబుతుంటే పాత్ర మనసులోని మాటకూ పైకి అన్న మాటకూ మధ్య తేడా బాగా పట్టుబడుతుంది. ‘అబ్రిడ్జ్‌డ్’ అని ఉంటే అది కుదించిన ప్రతి, కొనకండి.

ఇక వేగం. మొదటి అధ్యాయం తప్పకుండా 1 దగ్గరే, అంటే మామూలు వేగంలోనే వినండి. నెమ్మదిగా అనిపిస్తే ఆ తర్వాత 1.1, ఇంకా కావాలంటే 1.2. 10 గంటల పుస్తకం 1.25లో 8 గంటలకు, 1.5లో 6 గంటల 40 నిమిషాలకు దిగుతుంది. లెక్క బాగానే ఉంటుంది, నష్టం వేరేచోట జరుగుతుంది. సమాధానం చెప్పడానికి తటపటాయించే పాత్ర కోసం నెరేటర్ ఒక క్షణం ఆగుతారు. వేగం పెంచితే ఆ క్షణం కురచబడి తటపటాయింపు కాస్తా తొందరగా మారిపోతుంది. మీ యాప్‌లో నిశ్శబ్దాలను కత్తిరించే సెట్టింగ్ ఉంటే కథల విషయంలో దాన్ని ఆపేయండి. ఉపన్యాసాలకు అది పనికొస్తుంది, నవలకు మాత్రం గొడ్డలిపెట్టే. యాస దట్టంగా ఉన్న కథకైతే 0.9 పెట్టుకోవడానికి మొహమాటపడనక్కర్లేదు.

వింటూ చేసే పనిలో మాటలు ఉండకూడదు. అంట్లు తోమడం, బట్టలు మడతపెట్టడం, నడక, కుట్టుపని బాగుంటాయి. మెసేజ్‌లు చదువుతూ వింటే రెండూ మాటలే కాబట్టి ఒకటి కచ్చితంగా జారిపోతుంది, జారేది కథే. మొదటి అరగంట మాత్రం ఏ పనీ పెట్టుకోకండి. పాత్రలన్నీ అప్పుడే వస్తాయి, పుస్తకంలోలా తేలిగ్గా వెనక్కి తిప్పి చూసుకునే వీలు ఉండదు. ఒక చీటీ మీద పేరు, ఎవరికి ఏమవుతారు అన్నది రాసుకుంటే చాలు. ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్లు కంటికంటే చెవికి త్వరగా కలిసిపోతాయి, వాటి కింద గీత పెట్టుకోండి.

మనసు ఎటో వెళ్లిందని గుర్తొస్తే 30 సెకన్లు వెనక్కి నొక్కండి. మూడుసార్లు నొక్కినా తెలిసిన వాక్యం తగలకపోతే అధ్యాయం మొదటికి వెళ్లడమే సుఖం.

నిద్రకు ముందు వినేవారు, అనుకున్న సమయానికి పుస్తకాన్ని దానంతట అదే ఆపేసే స్లీప్ టైమర్‌ను 15 నిమిషాలకు పెట్టుకుని, పెట్టిన చోటే బుక్‌మార్క్ చేసుకోవాలి. పొద్దున వెతుక్కునే బాధ తప్పుతుంది. ‘అధ్యాయం చివర ఆపు’ అన్న ఎంపిక నవలలకు సరిపడదు. అధ్యాయాలు తరచూ ఉత్కంఠ దగ్గరే ముగుస్తాయి, నిద్ర ఎగిరిపోతుంది. ఆ వేళకు ఇదివరకు ఒకసారి విన్న పుస్తకం హాయి.

శబ్దం సంగతి. ఫుల్ కాస్ట్ రికార్డింగుల్లో ఒక పాత్ర ఎడమవైపు, ఇంకో పాత్ర కుడివైపు వినిపించేలా అమర్చడం ఉంది. ఒక్క చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే కొన్ని మాటలు నీరసంగా వినిపిస్తాయి, తప్పు నెరేటర్‌ది అనుకుంటాం. ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో మోనో ఆడియో ఆన్ చేస్తే రెండువైపుల శబ్దమూ ఒక చెవిలోకి వస్తుంది. చుట్టూ రొద ఉంటే వాల్యూమ్ పెంచేకంటే చెవిని మూసే ఇయర్‌ఫోన్స్ మేలు. పెద్దలకు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ మించకుండా వినడం ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు. నవలలకు అలవాటుపడితే ఆ 40 గంటలు తేలిగ్గానే వస్తాయి.

ఎంపీ3 ఫైళ్లుగా దించుకున్న పుస్తకంలో 1 తర్వాత 10, ఆ తర్వాత 2 వస్తుంటే ఫైలు పేర్లను 01, 02 అని మార్చండి, షఫుల్ ఆపేయండి. అధ్యాయాలన్నీ ఒకే ఫైలులో ఉండే ఎం4బీ దొరికితే ఈ తంటా ఉండదు.

సిరీస్ మధ్యలో నెరేటర్ మారితే పాత గొంతు చెవిలో ఉండగానే కొత్తది మొదలుపెట్టకండి. మధ్యలో వేరే పుస్తకం ఒకటి విని, అప్పుడు కొత్తవారికి ఒక గంట ఇవ్వండి. పాత్రల పేర్లు కూడా వేరేలా పలుకుతుంటే కాస్త ఓపిక పట్టాలి. గంట తర్వాతా మనసు ఒప్పకపోతే ఆ భాగాన్ని అచ్చులో చదువుకోవచ్చు.

పుస్తకం అయిపోయాక రచయిత పేరుతో కాకుండా నెరేటర్ పేరుతో వెతకండి. దొరికిన పేరు పక్కన ఒక్క ముక్క రాసి పెట్టుకుంటే వచ్చేసారి శాంపిల్ పని సగం తగ్గుతుంది: ‘ముసలి పాత్రలు బాగా పలుకుతారు, కోపం కాస్త ఎక్కువ, 1.1లో వినాలి.’