నగలకూ వాచీలకూ ధర కట్టించాలంటే: శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళ కోసం

ముందు తేల్చుకోవాల్సింది ఒకటే. ఈ విలువ మీకు ఎందుకు కావాలి? అమ్మడానికా, తాకట్టుకా, అన్నదమ్ముల పంపకానికా, ఇన్సూరెన్సుకా, ఇన్‌కమ్ టాక్సు లెక్కకా? ఒకే కాసులపేరుకి ఈ పనులన్నిటికీ వేరువేరు ధరలు వస్తాయి, అన్నీ న్యాయమైనవే. అమ్మకానికైతే లోపలున్న మేలిమి బంగారం విలువే లెక్క. ఇన్సూరెన్సుకి అదే నగ మళ్ళీ చేయించాలంటే అయ్యే ఖర్చు చూస్తారు కాబట్టి మజూరీ, తరుగు, 3 శాతం జీఎస్టీ కూడా కలుస్తాయి. కొట్టుకెళ్ళి ఊరికే "దీని రేటెంత?" అని అడిగితే చెప్పేది కొనేవాడి రేటు. పంపకాలకి ఆ రేటే రాసుకుంటే, నగ తీసుకున్న వాటాకి లాభం, డబ్బు తీసుకున్న వాటాకి నష్టం.

ఇంట్లో చేసుకోవాల్సిన పని

నగలన్నిటినీ పగటి వెలుతురులో తెల్ల గుడ్డ మీద పెట్టి ఒక్కొక్కదానికీ ముందూ వెనకా ఫొటో తీయండి. హుక్కు దగ్గరా, ఉంగరం లోపలివైపూ ఉన్న ముద్రలకి విడిగా దగ్గరి ఫొటో కావాలి. పాత బిల్లులు, రాళ్ళ సర్టిఫికెట్లు, బ్యాంకు తాకట్టు చీటీలు ఉంటే ఒకచోట చేర్చండి. తాకట్టు చీటీలో నికర బరువు (రాళ్ళూ లక్కా తీసేసిన బరువు) రాసి ఉంటుంది కాబట్టి తర్వాత అదే పెద్ద ఆధారం అవుతుంది.

శుభ్రం చేయాలంటే గోరువెచ్చని నీళ్ళలో కాస్త కుంకుడు రసం, మెత్తని బ్రష్షు చాలు. ముత్యాలు, పగడాలు, లక్క నింపిన గుండ్లు, వెనక మూసేసి రాళ్ళు పొదిగిన నగలు మాత్రం నీళ్ళలో ముంచొద్దు. లక్క తడి పీల్చుకుంటే బరువు తప్పుతుంది, రాయి వెనకున్న రేకు నల్లబడుతుంది. ధర కట్టించే ముందు మెరుగు పెట్టించడం అసలే వద్దు. మెరుగు పెట్టిన ప్రతిసారీ పైనుంచి కొంత బంగారం పోతుంది, అది మళ్ళీ రాదు.

ఇంట్లో చిన్న డిజిటల్ కాటా ఉంటే బరువు మీరే ఒకసారి చూసుకోండి. కాటా సరిగా ఉందో లేదో తెలియాలంటే 2011 తర్వాతి కొత్త పది రూపాయల బిళ్ళ పెట్టండి, 7.71 గ్రాముల దగ్గర చూపించాలి. ఫ్యాన్ ఆపి, కదలని బల్ల మీద తూయాలి. నల్లపూసల గొలుసైతే తాడు తెంపి పూసలు విడిగా, బంగారం విడిగా తూయడమే మేలు. అంచనాగా తీసేసే బరువు ఎప్పుడూ మీకు నష్టంగానే పడుతుంది.

ముద్ర చదవడం

2021 జూన్ 16 నుంచి, స్వచ్ఛత పరీక్షించి వేసే అధికారిక ముద్ర అయిన హాల్‌మార్కు దశలవారీగా తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి కొట్టులో అమ్మే హాల్‌మార్కు నగ మీద అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే, నగకొక్కటిగా ఇచ్చే గుర్తింపు నంబరు హెచ్‌యూఐడీ ఉండాలి. అంటే కొత్త నగ మీద మూడు గుర్తులు: త్రిభుజం ఆకారపు బీఐఎస్ (ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) గుర్తు, 22కే916 (22 కారట్లు, అంటే వెయ్యిలో 916 పాళ్ళు బంగారం) లాంటి స్వచ్ఛత, హెచ్‌యూఐడీ. అంతకు ముందు నగల మీద హెచ్‌యూఐడీకి బదులు పరీక్షా కేంద్రం గుర్తు, కొట్టు గుర్తు ఉంటాయి. 2016 చివరి దాకా చేసినవాటి మీద సంవత్సరాన్ని చెప్పే అక్షరం కూడా కనిపిస్తుంది. పాత ముద్ర ఉన్న నగ మీ దగ్గరుంటే తప్పేమీ లేదు, ఆ నియమం అమ్మే వ్యాపారికే.

ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి హెచ్‌యూఐడీ కొడితే కొట్టు రిజిస్ట్రేషను, పరీక్ష చేసిన కేంద్రం, స్వచ్ఛతతో పాటు అది ఏ రకం నగో కూడా వస్తుంది. ఆఖరిది తప్పకుండా చూడండి. యాప్‌లో "ఉంగరం" అని ఉండి మీ చేతిలో గొలుసుంటే ఆ నంబరు వేరే నగది. ఒట్టి "916" అనో "కేడీఎం" అనో చెక్కి ఉంటే అది హాల్‌మార్కు కాదు. కేడీఎం అన్న మాట అతుక్కి వాడిన కాడ్మియం గురించి, స్వచ్ఛతకి హామీ ఏమీ ఇవ్వదు. రెండు గ్రాముల లోపు నగలకీ, కుందన్, పోల్కీ, జడావు లాంటి రాళ్ళు పొదిగే పనికీ, బంగారు వాచీలకీ హాల్‌మార్కు తప్పనిసరి కాదు. వాటికి ముద్ర లేదని అనుమానపడక్కర్లేదు, ముద్ర అక్కర్లేదన్నంత మాత్రాన గుడ్డిగా నమ్మకూడదు కూడా.

ఎవరి దగ్గరకి, ఏ పరీక్షకి

గీటురాయి మీద గీసి యాసిడ్ చుక్క వేసే పద్ధతి అనుభవమున్న చేతిలో దారి చూపుతుంది. 22 కారట్లకీ 18కీ తేడా తెలుస్తుంది గానీ 91.6 శాతానికీ 89కీ తేడా కచ్చితంగా చెప్పదు. విజయనగరంలో గంటస్తంభం, మూడు లాంతర్ల దగ్గరైనా, శ్రీకాకుళంలో జీటీ రోడ్డు మీదైనా పెద్ద కొట్లలో ఉండే కారట్ మీటరు ఎక్స్‌రే యంత్రం. నగకి ఏమీ కాకుండా నిమిషం, రెండు నిమిషాల్లో బంగారం, వెండి, రాగి ఎంతెంతో శాతాల్లో చూపిస్తుంది. కానీ అది చూసేది పైపై పొరనే, మైక్రాన్ల లోతు. మందంగా పూత పూసిన నగ దాన్ని మోసం చేయగలదు. అందుకే ఒక్క చోట చూసి వదలకుండా కనీసం మూడు చోట్ల పెట్టించండి: లింకు మధ్యలో, అతుకు మీద, హుక్కు మీద. పాత కాలంలో కంసాలి చేసిన గొలుసుల్లో లింకు 91 చూపించి అతుకు 80 దగ్గర చూపించడం మామూలే. టంకం తక్కువ వన్నె బంగారంతో వేస్తారు. గొలుసంతా కరిగిస్తే వచ్చేది ఈ రెంటికీ మధ్య అంకె, లింకు దగ్గర చూపిన అంకె మాత్రం కాదు.

అన్నిటికన్నా నమ్మదగింది ఫైర్ అస్సే. నగలోంచి చిన్న ముక్క తీసి, వెండి కలిపి, సీసం రేకులో చుట్టి కొలిమిలో పెట్టి, తర్వాత నైట్రిక్ యాసిడ్‌లో వెండి కరిగించేసి, మిగిలిన మేలిమిని తూస్తారు. నగకి గాటు పడుతుంది కాబట్టి, అమ్మేయాలని తేల్చుకున్న నగకో వివాదంలో ఉన్న నగకో మాత్రమే ఇది చేయించండి.

కొట్టుతో సంబంధం లేని మాట కావాలంటే బీఐఎస్ గుర్తింపు ఉన్న అస్సేయింగ్ అండ్ హాల్‌మార్కింగ్ సెంటరుకి మీరే స్వయంగా నగ పట్టుకెళ్ళొచ్చు. హాల్‌మార్కు లేని పాత నగలకి నాలుగు వస్తువుల దాకా మొత్తం 200 రూపాయలు, అయిదు, ఆపైన వస్తువుకి 45 చొప్పున రుసుము, మీద జీఎస్టీ. దగ్గర్లో ఏ కేంద్రం ఉందో బీఐఎస్ వెబ్‌సైటు జాబితాలో జిల్లా పేరుతో చూసుకోండి, కుదరకపోతే విశాఖ. శ్రీకాకుళం, పలాస వైపు వాళ్ళు పొద్దున్నే బయల్దేరేలా, ముందుగా ఫోన్ చేసి వెళ్ళండి. దసరా ముందూ పెళ్ళిళ్ళ కాలంలోనూ కొట్ల సరుకుతో కేంద్రాలు కిక్కిరిసిపోతాయి. సిరిమానోత్సవం వారంలో విజయనగరం బజారులో కూర్చుని నిదానంగా ధర కట్టించుకునే వీలు ఉండదు.

లెక్క తప్పేది ఇక్కడే

ఎక్కువ మంది నష్టపోయేది స్వచ్ఛత దగ్గర కాదు, గుణకారం దగ్గర. ఒక హారం మొత్తం బరువు 32.400 గ్రాములు అనుకుందాం. రాళ్ళూ లక్కా 4.200 పోతే నికరం 28.200. స్వచ్ఛత 88.5 శాతం. అంటే మేలిమి 24.957 గ్రాములు. లెక్క సులువుగా ఉండటానికి 24 కారట్ల గ్రాము ధర 10,000 అనుకుంటే విలువ 2,49,570 రూపాయలు.

కొందరు ఇదే 24.957ని 22 కారట్ల రేటుతో, అంటే 9,160తో హెచ్చిస్తారు. వచ్చేది 2,28,606. దాదాపు 21 వేలు మాయం. మేలిమిలోకి మార్చేటప్పుడు ఒకసారి తగ్గించారు, 22 రేటు కట్టి రెండోసారి తగ్గించారు. మేలిమి బరువుకి 24 రేటే కట్టాలి. 22 రేటే కడతానంటే నికర బరువుని 88.5తో హెచ్చించి 91.6తో భాగించి ఆ రేటు కట్టాలి. రెండు దారుల్లోనూ ఒకే అంకె రావాలి. దీని మీద కరుగు తరుగు అనో కమీషను అనో కొంత శాతం తీయడం వ్యాపారం, అది ఎంతో ముందే చెప్పించుకోండి. "బాబూ, ముందు మొత్తం బరువు, నికరం, శాతం, ఏ రేటో ఈ కాగితం మీద రాయండి" అని అడగడానికి మొహమాటపడొద్దు. రాయనన్న కొట్టులో నగ బయటికి తీయకండి.

కరిగించాల్సి వస్తే మీ ఎదురుగానే జరగాలి. కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో చూసుకోండి. కరిగించే ముందు బరువు, తర్వాత ముద్ద బరువు రాయించాలి. మూసలో వెలిగారం వేశాక కొంత బంగారం గోడలకి అంటుకుంటుంది, దాన్ని గీకి కలపమనండి. ముద్దకి మళ్ళీ పరీక్ష చేయించి, ఆ శాతంతోనే లెక్క కట్టాలి. ధర సూత్రం మాట్లాడుకోకుండా కరిగించాక బేరం మీ చేతిలో ఉండదు, నగ వెనక్కి రాదు.

రాళ్ళు

పాత కెంపుల నగల్లో రాయి విలువ కన్నా మనం దానికిచ్చే విలువ ఎక్కువ. 1900ల మొదటి నుంచే కృత్రిమ కెంపు మార్కెట్లో ఉంది. లెన్సు కింద లోపల వంపు తిరిగిన సన్న గీతలు, గుండ్రని గాలి బుడగలు కనిపిస్తే అది ఫ్యాక్టరీ రాయి. పగుళ్ళలో గాజు నింపిన కెంపైతే టార్చి వెలుగు తిప్పినప్పుడు నీలి మెరుపు కొడుతుంది.

వజ్రాలకి కొట్టులో పెట్టే చిన్న టెస్టరు చాలామటుకు వేడిని కొలిచేది, వజ్రంలా కనిపించే మోయిసనైట్ రాయిని కూడా వజ్రమనే చూపిస్తుంది. కరెంటు గుణం కూడా చూసే టెస్టరు కావాలి. ల్యాబ్‌లో పెంచిన వజ్రాన్ని ఆ రెండూ పట్టలేవు, దానికి ఐజీఐ, జీఐఏ లాంటి రాళ్ళని పరీక్షించే ల్యాబే దిక్కు. చిన్న దుద్దుల్లోని సన్న రాళ్ళకి ఆ ఖర్చు దండగ. అర కారటు దాటిన రాయికి పెట్టొచ్చు. పొదిగి ఉన్న గుండ్రటి వజ్రం బరువు అంచనా కావాలంటే వ్యాసాన్ని మిల్లీమీటర్లలో వర్గం చేసి, లోతుతో హెచ్చించి, 0.0061తో హెచ్చించండి. 6.5 వెడల్పు, 4 లోతుంటే 1.03 కారట్లు.

తాతల నాటి గొలుసుకి పులిగోరు ఉంటే దాన్ని ఎక్కడా బేరానికి పెట్టకండి. నిజమైన పులిగోరు కొనడం, అమ్మడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

వాచీలు

మన ఇళ్ళలో ఎక్కువగా దొరికేవి హెచ్‌ఎంటీలు. ఆ వాచీల ఫ్యాక్టరీలు 2016 నాటికి మూతపడ్డాయి కాబట్టి పాత జనతా, పైలట్ మోడళ్ళకి ఇష్టపడే కొనుగోలుదారులు ఉన్నారు. కానీ డయలుకి కొత్త రంగు వేసి, వేరే వాచీల ముక్కలు కలిపి కట్టినవి బజారులో కుప్పలు. చూడాల్సింది డయలు. పదును లేని అక్షరాలు, గంట గీతల మీద పొర్లిన రంగు, మచ్చ లేని డయలుకి గీతలు పడ్డ కేసు ఉంటే ధర బాగా తగ్గుతుంది. పాతబడి పసుపెక్కినా అసలు డయలుకే విలువ. కాబట్టి పాలిష్ చేయించకండి, గాజు మార్పించకండి, ముళ్ళు మార్పించకండి.

వెనక మూత మీరు కత్తితో తెరవొద్దు, గాటు పడితే అది ధరలో కనిపిస్తుంది. వాచీ మేస్త్రీతో తీయించి లోపలి మెషిన్ మీద పేరు, నంబరు ఫొటో తీయండి. టైమ్‌గ్రాఫర్ (వాచీ టిక్కు విని నడక కొలిచే యంత్రం) ఉన్న మేస్త్రీ అయితే మూడు అంకెలు రాయించుకోండి: రోజుకి ఎన్ని సెకన్ల తేడా, యాంప్లిట్యూడ్ (లోపలి చక్రం ఎన్ని డిగ్రీలు ఊగుతుందో), బీట్ ఎర్రర్ (టిక్కుకీ టాక్కుకీ మధ్య తేడా). పూర్తిగా తాళం ఇచ్చి పడుకోబెట్టిన వాచీకి యాంప్లిట్యూడ్ 270 నుంచి 310 డిగ్రీల మధ్య ఉంటే ఆరోగ్యం. 200 కిందకి దిగితే నూనె ఎండిపోయిందని అర్థం, సర్వీసు ఖర్చు ధరలోంచి పోతుంది. బ్యాటరీ వాచీ ఆగిపోయి ఉంటే సెల్లు వెంటనే తీయించేయండి, కారిందంటే సర్క్యూటు పోతుంది.

ఖరీదైన స్విస్ వాచీకి కంపెనీ అధీకృత సర్వీస్ సెంటరు అసలుదా కాదా, రిపేరు ఎంతవుతుంది అన్నది తేలుస్తుంది. అమ్మకపు ధర మాత్రం సాధారణంగా చెప్పదు. పెట్టె, గ్యారంటీ కార్డు, సర్వీసు బిల్లులు కలిపి పెట్టండి. కేసు బంగారమైతే లోపలి ముద్ర చూడండి: 1995 ఆగస్టు తర్వాత స్విట్జర్లాండు ముద్ర సెయింట్ బెర్నార్డ్ కుక్క తల. మైక్రాన్లని రాసి ఉంటే అది పూతే.

కాగితం

టాక్సుకో కోర్టు పంపకానికో అయితే ఇన్‌కమ్ టాక్సు శాఖలో నమోదైన నగల వాల్యుయర్ రిపోర్టు తీసుకోండి, కొట్టువాడి చీటీ చెల్లదు. 2001 ఏప్రిల్‌కి ముందు నుంచీ ఇంట్లో ఉన్న బంగారం అమ్మితే 2001 ఏప్రిల్ 1 నాటి విలువని కొన్న ధరగా చూపించుకునే వీలుంది కాబట్టి ఆ తేదీ విలువ కూడా రాయమనండి. ఫీజు వస్తువుల లెక్కనో గంటల లెక్కనో మాట్లాడుకోండి, నగ నేనే కొంటాననే వాల్యుయర్ దగ్గర రాయించొద్దు.

బ్యాంకు తాకట్టుకి రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఇచ్చిన నిబంధనల ప్రకారం పరీక్ష మీ ఎదుటే జరగాలి, మొత్తం బరువు, నికర బరువు, స్వచ్ఛత, తీసేసినవి రాసిన పత్రం మీకివ్వాలి. ధర గత 30 రోజుల సగటు, ముందు రోజు ముగింపు ధరల్లో ఏది తక్కువైతే అది. రాళ్ళ విలువ కలపరు.

రిపోర్టులో ప్రతి నగకీ ఫొటో, మొత్తం బరువు, నికరం, పరీక్ష ఏ పద్ధతిలో జరిగిందో, శాతం, ఆ రోజు రేటు, విలువ ఏ పనికోసమో, తేదీ, సంతకం ఉండాలి. బంగారం రేటు కదులుతూనే ఉంటుంది కాబట్టి ఇన్సూరెన్సు కాగితాన్ని రెన్యువల్ ముందు ప్రతిసారీ కొత్త రేటుతో సరిచేయించుకోండి. బరువూ స్వచ్ఛతా మారవు గనక పరీక్ష మళ్ళీ చేయించక్కర్లేదు, రేటు మార్చి రాయిస్తే సరిపోతుంది.