కొత్త దేశంలో మొదటి ఏడాది: మనసుకు సంబంధించిన కొన్ని సూచనలు

వీసా, ఇల్లు, బ్యాంకు ఖాతా, ఫోను నంబరు గురించి చెప్పేవాళ్లు చాలామందే దొరుకుతారు. దిగిన కొన్ని వారాల్లో ఆ పనులన్నీ ఎలాగోలా తెములుతాయి. తెమలనిది ఇంకొకటి ఉంటుంది: "ఇక్కడ నేను ఇముడుతానా? వీళ్లు నన్ను తమలో ఒకడిగా చూస్తారా?" ఈ మాట పైకి ఎవరూ అనరు గానీ లోపల రోజూ తిరుగుతూనే ఉంటుంది. దీని మీద మనస్తత్వ శాస్త్రంలో దశాబ్దాలుగా జరిగిన పరిశోధనల్లో కొత్తగా వచ్చినవాళ్లకు పనికొచ్చేది చాలా ఉంది. నాకు ముఖ్యమనిపించింది ముందే చెప్పేస్తాను. మొదటి నెలల్లో పడే ఇబ్బందికి మీరు ఏ కారణం చెప్పుకుంటారన్నదాన్ని బట్టి తర్వాతి నెలలు మారతాయి. అలాగని అంతా మీ ఆలోచనలోనే లేదు, మీరున్న చోటు కూడా సహకరించాలి. ఈ రెండింట్లో ఒక్కటే పట్టుకుని సలహా ఇచ్చేవాళ్ల మాట పూర్తిగా నమ్మకండి.

ఎవరైనా పట్టించుకోనప్పుడు

ఆఫీసులోనో క్లాసులోనో నవ్వుతూ పలకరిస్తారు. అవతలి మనిషి తల కూడా తిప్పకుండా వెళ్లిపోతాడు. మనసు చివుక్కుమంటుంది. అదే సొంత ఊళ్లో జరిగితే "ఏదో తొందరలో ఉన్నాడులే" అని వదిలేస్తాం. కొత్త చోట మాత్రం "నేను పరాయివాణ్ణి కాబట్టే" అన్న మాట వెంటనే నోటిదాకా వస్తుంది.

అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే పరిశోధకులు 1973లో ప్రచురించిన ప్రయోగాన్ని ఇక్కడ గుర్తుంచుకోవాలి. మతబోధకులు కావడానికి చదువుకుంటున్న విద్యార్థులను ఒక భవనం నుంచి ఇంకో భవనానికి వెళ్లి ప్రసంగించమన్నారు. దారిలో ఒక మనిషి గుమ్మం దగ్గర కూలబడి దగ్గుతూ, మూలుగుతూ ఉంటాడు. "మీకింకా టైముంది" అని చెప్పి పంపినవాళ్లలో 63 శాతం మంది ఆగి ఏదో ఒక సాయం చేశారు. "ఇప్పటికే ఆలస్యమైంది, త్వరగా వెళ్లండి" అని పంపినవాళ్లలో ఆగింది 10 శాతమే. వాళ్లలో కొందరు వెళ్తున్నది దారిన పడి ఉన్నవాడికి సాయం చేసిన మనిషి కథ మీద ప్రసంగించడానికే! అయినా ప్రసంగం అంశం కంటే తొందరే ఎక్కువ ప్రభావం చూపింది.

ఎదుటివాళ్లు ఏం చేసినా అది వాళ్ల స్వభావమే అనుకుని, వాళ్లున్న పరిస్థితిని మర్చిపోవడం మనుషులకు బాగా ఉన్న అలవాటు. కొత్త చోట ఇది ఇంకా ఎక్కువవుతుంది. ఎవరికి ఏ పని ఒత్తిడి ఉందో, ఇంట్లో ఏం జరుగుతోందో మనకు తెలియదు కదా. అందుకని ఒక్కసారి జరిగితే తొందరే అనుకోండి. అదే మనిషి, ఏ తొందరా లేనప్పుడు, మిగతావాళ్లతో బాగా మాట్లాడుతూ మీతో మాత్రమే అలా ఉంటున్నాడని కొన్నాళ్లు గమనించాక అప్పుడు వేరేగా ఆలోచించండి.

లేని గాటు

యాస గురించి, వేషం గురించి, పేరు పలకడం గురించి మనసులో పెట్టుకునే బెంగ ఇంకో రకం. రాబర్ట్ క్లెక్, అతని సహ పరిశోధకుడు స్ట్రెంటా 1980లో ప్రచురించిన ప్రయోగం దీనికి సరిగ్గా సరిపోతుంది. పాల్గొన్నవాళ్లలో కొందరి ముఖం మీద మేకప్‌తో పెద్ద గాటులాంటి మచ్చ వేశారు. అద్దంలో చూపించారు. తర్వాత "ఇది ఎండి పగలకుండా కొంచెం క్రీమ్ రాస్తాం" అని చెప్పి, వాళ్లకు తెలియకుండానే ఆ మచ్చను తుడిచేశారు. ఇక మామూలు ముఖంతోనే వెళ్లి ఒక కొత్త వ్యక్తితో మాట్లాడారు. బయటికొచ్చాక మాత్రం ఆ వ్యక్తి తమతో ఇబ్బందిగా, బిగుసుకుపోయి ప్రవర్తించారని చెప్పారు. ఏ మచ్చనైతే చూసి అలా ప్రవర్తించారని వీళ్లు అనుకున్నారో ఆ మచ్చే అక్కడ లేదు.

నేను దీన్ని "నీకంతా భ్రమ" అని చెప్పడానికి తీసుకురాలేదు. మచ్చ ఉందని నమ్మినవాడు ఎదుటి ముఖంలో దానికోసమే వెతుకుతాడు, మామూలు చూపులో కూడా అదే కనిపిస్తుంది. మీ యాస విషయంలో కూడా ఇదే జరగవచ్చు. మీటింగులో ఎవరైనా "మళ్లీ ఒకసారి చెప్తారా?" అంటే చాలాసార్లు వాళ్లకు వినపడలేదనే అర్థం. సారీ చెప్పి మాట మింగేయకండి. అదే విషయాన్ని చిన్న వాక్యంలో, కాస్త నిదానంగా మళ్లీ చెప్పండి. మాట్లాడటం మానేయడమే అన్నిటికంటే ఎక్కువ నష్టం. మీరు మౌనంగా ఉంటే "ఇతనికి కలవడం ఇష్టం లేదేమో" అని వాళ్లు అనుకుంటారు, వాళ్లు దూరంగా ఉంటే మీ అనుమానం ఖాయమవుతుంది.

"నాకొక్కడికే ఇలా ఉందా?"

లేదు. గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ 2011లో ప్రచురించిన పరిశోధన మొత్తం ఈ ఒక్క జవాబు మీదే నడిచింది. కాలేజీలో మొదటి ఏడాది విద్యార్థులకు సీనియర్ల అనుభవాలు చదవడానికి ఇచ్చారు. మొదట్లో తామూ ఇక్కడ ఇమడలేమేమో అనుకున్నామని, అందరికీ అలాగే ఉంటుందని, కొన్నాళ్లకు అది తగ్గిందని వాటి సారాంశం. తర్వాత ఆ విషయం మీదే తమ సొంత అనుభవంతో ఒక వ్యాసం రాయించి, తర్వాత వచ్చేవాళ్ల కోసమని వీడియోలో మాట్లాడించారు. మొత్తం పట్టింది సుమారు ఒక గంట. తర్వాతి మూడేళ్లలో ఆ కాలేజీలోని నల్లజాతి విద్యార్థుల మార్కులు పెరిగి, శ్వేతజాతి విద్యార్థులతో ఉన్న తేడా దాదాపు సగానికి తగ్గింది. పాల్గొన్నవాళ్లు వందలోపే కాబట్టి ఆ ఒక్క ఫలితం చూసి ఆశలన్నీ దానిమీదే పెట్టుకోకూడదు. కానీ అది ఎలా పనిచేస్తుందో అర్థం చేసుకోవచ్చు. ఒక తక్కువ మార్కునో, పిలవని పార్టీనో "నేను ఇక్కడికి తగను" అనడానికి సాక్ష్యంగా తీసుకోనివాడు మర్నాడు మళ్లీ టీచర్ దగ్గరికి వెళ్లి సందేహం అడుగుతాడు. అలా అడగడం వల్ల పని నిజంగానే బాగుపడుతుంది.

మీకు ఆ ప్రయోగశాల అక్కర్లేదు. మీకంటే రెండు మూడేళ్లు ముందు వచ్చినవాళ్లను పట్టుకోండి. "ఎలా ఉంది ఇక్కడ?" అని అడిగితే "బాగుంది" అనే అంటారు. "మొదటి మూడు నెలలు ఎలా గడిచాయి? ఎప్పుడు కాస్త తేలికపడ్డారు? ఏం చేశాక?" అని అడగండి. అసలు సంగతులు అప్పుడు బయటికొస్తాయి.

నిజంగానే వివక్ష అయితే

ఫిలిప్ ఒరియోపౌలోస్ అనే ఆర్థికవేత్త కెనడాలోని టొరంటో ప్రాంతంలో ఉద్యోగాలకు వేలకొద్దీ కల్పిత రెజ్యూమెలు పంపి చూశాడు. చదువు, అనుభవం కెనడాలోవే అయినా భారతీయ, పాకిస్తానీ, చైనీస్ పేర్లున్న వాటికి వచ్చిన పిలుపులు ఇంగ్లిష్ పేర్లున్న వాటికంటే బాగా తక్కువ. ఇక్కడ దరఖాస్తు పెట్టినవాడి ఆత్మవిశ్వాసానికి ఏ పాత్రా లేదు. ఉన్నది కాగితం మీద పేరు మాత్రమే.

అందుకే "పాజిటివ్‌గా ఆలోచిస్తే అన్నీ అవే సర్దుకుంటాయి" అనే సలహా అంటే నాకు కోపం. వాల్టన్ పద్ధతినే తర్వాత 22 విద్యాసంస్థల్లో 26,000 మందికి పైగా విద్యార్థులతో పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించారు. ఆ విద్యార్థులు కలిసిపోవడానికి సంస్థలో నిజంగా అవకాశం ఉన్నచోటే అది పనిచేసింది. తలుపులు మూసి ఉన్న చోట నమ్మకం ఒక్కటే ఏం చేస్తుంది?

కాబట్టి ఉద్యోగం రాకపోతే అదంతా మీ చేతకానితనమే అని లెక్క వేసుకోవద్దు. ఎవరైనా అవమానిస్తే తేదీ, చోటు, అన్న మాట, పక్కనున్నవాళ్ల పేర్లు అదే రోజు రాసిపెట్టుకోండి. మీ సంస్థలో ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో ముందే కనుక్కోండి. చోటు మార్చుకునే వీలుంటే మార్చుకోవడం ఓడిపోవడం కాదు.

మనుషులు ఎక్కడ దొరుకుతారు

దగ్గరగా, తరచుగా కనబడేవాళ్లే స్నేహితులవుతారు. లియోన్ ఫెస్టింగర్ బృందం 1950లో ప్రచురించిన పరిశోధనలో ఒక విద్యార్థి నివాస సముదాయంలో ఎవరికి ఎవరు స్నేహితులో అడిగారు. ఒకే అంతస్తులో పక్కింటివాళ్లను దగ్గరి స్నేహితులుగా చెప్పినవాళ్లు 41 శాతం. అదే అంతస్తులో నాలుగు తలుపుల అవతల ఉన్నవాళ్ల విషయానికొస్తే 10 శాతమే. ఆ కొద్ది అడుగులకే ఇంత తేడా! ఇల్లు వెతికేటప్పుడు అద్దె, ప్రయాణం చూస్తారు కదా, మెట్లు, ఆవరణ, బట్టలుతికే గది లాంటివి నలుగురు కలిసి వాడుకునేలా ఉన్నాయో లేదో కూడా చూడండి. వారానికి ఒకసారైనా ఒకే చోటికి ఒకే వేళకి వెళ్లండి. లైబ్రరీ కావచ్చు, ఆటస్థలం కావచ్చు. మొదటి రోజు ఎవరూ మాట్లాడకపోయినా ఫర్వాలేదు, ముఖం అలవాటు కావాలి.

తర్వాత ఒక మాట కలపండి. మొదటిసారి మాట్లాడుకున్నాక మనం ఎదుటివాళ్లకు ఎంత నచ్చామో అంతకంటే తక్కువే నచ్చామని అనుకుంటామని 2018లో ఎరికా బూత్‌బీ బృందం తేల్చింది. ఒకే చోట ఉంటున్న కాలేజీ విద్యార్థుల్లో ఈ అపోహ నెలల తరబడి పోలేదు. "బాగా మాట్లాడలేకపోయాను, బోర్ కొట్టించాను" అనిపించిన మర్నాడు కూడా వెళ్లి పలకరించండి.

మన భాష మాట్లాడేవాళ్లతో తిరిగితే ఇక్కడివాళ్లతో కలవలేమని కొందరు భయపెడతారు. జాన్ బెరీ, తోటి పరిశోధకులు 13 దేశాల్లో వలస కుటుంబాల పిల్లలు 5,000 మందికి పైగా మీద చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో బాగా కుదురుకున్నది రెండువైపులా సంబంధాలు పెట్టుకున్నవాళ్లే. ఒకటి వదిలితేనే ఇంకొకటి దక్కుతుందనేం లేదు.

ఎన్నాళ్లు?

మొదట అంతా సంబరంగా ఉండి, తర్వాత కుంగిపోయి, ఆపై కోలుకుంటారని చాలామంది చెప్తారు. కొలీన్ వార్డ్ బృందం న్యూజిలాండ్‌కు వచ్చిన జపాన్ విద్యార్థులను వరసగా గమనించి 1998లో ప్రచురించిన దాంట్లో అలా కనబడలేదు. వచ్చిన కొత్తలోనే దిగులు అన్నిటికంటే ఎక్కువగా ఉంది. కాబట్టి దిగిన వారంలోనే ఏడుపొస్తే, సంబరం లేదేమని టెన్షన్ పడనక్కర్లేదు.

అయితే రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులుగా ఉన్నా, నిద్ర పట్టకపోయినా, ఇష్టమైన పని మీదకు కూడా మనసు పోకపోయినా డాక్టరును కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగొద్దు. అదే గంటలో పక్కనున్నవాళ్లకు చెప్పండి, ఆ దేశపు అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి. ఆ నంబరు, కాలేజీ లేదా కంపెనీ కౌన్సెలింగ్ విభాగం నంబరు బాగున్న రోజే ఫోన్‌లో వేసుకోండి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఇంటర్‌ప్రెటర్ దొరుకుతారా అని అడగండి. ఎప్పటినుంచి ఇలా ఉంది, నిద్ర ఎన్ని గంటలు, తిండి ఎలా ఉంది, ఇంతకుముందు ఏమైనా మందులు వాడారా అన్నవి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. అక్కడ మాట తడబడితే ఆ కాగితం చేతికిచ్చేయవచ్చు.