ఆర్‌ఎల్02 ఇమేజ్ బూట్ కాకపోతే ముందు సైజు చూడండి

పీడీపీ-11 అనే పాత మినీకంప్యూటర్ కోసం మీరే డిస్క్ ఇమేజ్ (డిస్క్‌లోని మొత్తాన్ని ఉంచే ఫైల్) తయారుచేసి, పాత కంప్యూటర్లను అనుకరించే సిమ్యులేటర్ సిమ్‌హెచ్‌లో పెడుతున్నారా? ముందు ఫైల్ సైజు చూడండి. ఆర్‌ఎల్02 అంటే ఆ కంప్యూటర్ వాడే ఒక రకం డిస్క్: 512 సిలిండర్లు, 2 హెడ్లు, ట్రాక్‌కి 40 సెక్టార్లు, సెక్టార్‌కి 256 బైట్లు. మొత్తం సరిగ్గా 1,04,85,760 బైట్లు. మీ టూల్ డేటా ఉన్నంత వరకే రాసి ఆపేస్తే ఫైల్ చిన్నదవుతుంది, సిమ్యులేటర్ దాన్ని ఆర్‌ఎల్01 (ఇందులో సగం సైజుండే డిస్క్) అనుకోవచ్చు. నేను ఒక సాయంత్రమంతా బూట్ బ్లాక్‌ని (బూట్ అయ్యేటప్పుడు ముందుగా చదివే డిస్క్ మొదటి భాగాన్ని) తిట్టుకున్నాను, పాపం దాని తప్పేమీ లేదు! ఫైల్ సైజు మార్చే ట్రంకేట్ కమాండ్‌తో పూర్తి సైజుకి పెంచితే సరి.

చివరి ట్రాక్‌లో మాత్రం డేటా పెట్టకండి, అది బ్యాడ్ సెక్టార్ల పట్టికది. అంటే 512 బైట్ల బ్లాకులు 20,480 ఉన్నా, వాడుకోదగ్గవి 20,460 మాత్రమే. ఇంకోటి, సిమ్‌హెచ్ నేరుగా మీ ఫైల్‌లోనే రాస్తుంది. కాపీ తీసుకున్నాకే అటాచ్ చేయండి.