మంత్రగాళ్ల లెక్కలు చూసేదెవరు? నవ్వించే ఫ్యాన్ థియరీ అల్లడం ఎలా

ముందే చెప్పేస్తున్నా, ఫ్యాన్ థియరీ అంటే కథలో చెప్పని సంగతికి అభిమానులు అల్లే వివరణ, రచయిత తప్పు పట్టుకోవడం కాదు. "చేతిలో ఇంత మాయ ఉంటే మొదటి అధ్యాయంలోనే కథ ముగించొచ్చుగా" అనేది ఉత్త ఫిర్యాదు, అది ఎవరైనా చేస్తారు, విన్నవాళ్లు ఆవలిస్తారు. నవ్వించే థియరీ సరిగ్గా దానికి రివర్స్‌లో నడుస్తుంది. పుస్తకంలో ఉన్న రూలు ఒకటి తీసుకుని, దాన్ని రచయిత కన్నా మనమే ఎక్కువ నమ్మాలి, నమ్మి అది ఎక్కడికి లాక్కెళ్తే అక్కడికి ముఖం సీరియస్‌గా పెట్టుకుని వెళ్లిపోవాలి.

కాబట్టి మొదటి పని రూలు వెతకడం. మాయకు హద్దులు ఉన్న నవలే కావాలి. మాయతో కథలోని చిక్కు విప్పాలంటే ఆ మాయ ఎలా పనిచేస్తుందో పాఠకుడికి ఎంత బాగా తెలిస్తే అంత బాగా కుదురుతుందని ఫాంటసీ నవలల రచయిత బ్రాండన్ శాండర్సన్ 2007లో ఒక వ్యాసంలో రాశాడు. జోకుకీ అదే సూత్రం. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో మంత్రగాడు గాండాల్ఫ్‌కి ఏం వచ్చో ఏం రాదో మనకెవరూ పూర్తిగా చెప్పలేదు, అందుకని ఆయన మీద ఏ థియరీ వేసినా చెల్లిపోతుంది. ఏం చెప్పినా చెల్లే చోట నవ్వు రాదు.

రూలు దొరికాక దాన్ని యుద్ధభూమికి తీసుకెళ్లొద్దు, అక్కడ జనం ఎక్కువ. వంటింటికి, గోదాముకి, చెత్తకుండీ దగ్గరికి తీసుకెళ్లండి. సరుకు ఎక్కడి నుంచి వస్తోంది, మిగిలింది ఎటు పోతోంది, రోజూ ఈ చాకిరీ ఎవరు చేస్తున్నారు, ఈ మూడు అడిగితే చాలు.

ఉదాహరణకి హ్యారీ పాటర్‌నే తీసుకోండి. శూన్యంలోంచి తిండి పుట్టించలేరని, కానీ చేతిలో కొంచెం ఉంటే దాన్ని పెంచుకోవచ్చని చివరి పుస్తకంలో హ్యారీ స్నేహితురాలు హెర్మయొనీ చెబుతుంది. ఇప్పుడు ఆ రెండో ముక్కను గట్టిగా పట్టుకోండి. కొంచెం ఉంటే పెంచొచ్చు అంటే, పెంచినదాంట్లోంచి కొంచెం దాచి మళ్లీ పెంచొచ్చు, దాంట్లోంచి మళ్లీ. ఇక థియరీ ఏంటంటే, వాళ్లు మంత్రవిద్య నేర్చుకునే స్కూలు హాగ్వర్ట్స్ మొదలై వెయ్యేళ్లు దాటింది, ఈ వెయ్యేళ్లుగా ఆ స్కూల్లో పిల్లలందరూ తింటున్నది ఒకే ఒక్క రొట్టె. స్కూలు తెరిచిన రోజున ఎవరో సగం తిని వదిలేసింది. ఆ కోటలో అసలు కాపాడాల్సిన నిధి ఏదైనా ఉందంటే అది వంటింటి అలమారలో ఉన్న ఆ ముక్కే, దాన్ని ఎవరైనా పొరపాటున తినేస్తే మర్నాటి నుంచి అందరూ పస్తు.

దీన్ని నేను మొదటిసారి వినిపించినప్పుడు ఒక ఫ్రెండ్ వెంటనే పట్టేసింది, "కింద వంటింట్లో ఎల్ఫులు వండుతున్నాయి కదా, నాలుగో పుస్తకం చదవలేదా?" అని. ఎల్ఫులంటే ఆ కథలో మంత్రగాళ్లకి చాకిరీ చేసే చిన్న జీవులు. ఇక్కడే చాలామంది తడబడి, నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అని గొడవకు దిగుతారు. అలా చేయొద్దు. అడ్డొచ్చిన సాక్ష్యాన్ని వెంటనే మన వైపు లాక్కోవాలి. అవును, ఎల్ఫులు వండుతున్నాయి, మరి వండటానికి పిండి ఏది? ఆ కోట చుట్టూ పొలం దున్నుతున్నవాడు ఏడు పుస్తకాల్లో ఒక్కడైనా కనిపించాడా? ఎదుటివాళ్లు ఒక్క క్షణం ఆలోచనలో పడితే చాలు, మన పని అయిపోయినట్టే. నిజంగా ఒప్పుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు.

ఇంకో దారి, మంత్రగాడి వింత అలవాటు ఒకటి తీసుకుని దానికి కారణం రూల్లో వెతకడం. 1950లో వచ్చిన జాక్ వాన్స్ పుస్తకం 'ది డైయింగ్ ఎర్త్'లో మంత్రాన్ని ముందు కంఠస్థం చేయాలి, ఒకసారి ప్రయోగిస్తే అది బుర్రలోంచి చెరిగిపోతుంది. బాగా సాధన చేసిన మంత్రగాడికి కూడా ఒకేసారి పట్టేవి నాలుగు పెద్ద మంత్రాలో ఆరు చిన్న మంత్రాలో, అంతే. తర్వాత డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఈ పద్ధతినే తీసుకుంది. ఇప్పుడు చెప్పండి, ముసలి మంత్రగాళ్లు ఊరికి దూరంగా బురుజుల్లో ఎందుకుంటారు? జ్ఞానం కోసం అని వాళ్లే చెప్పుకుంటారు గానీ, అసలు కారణం పరీక్షల ముందు రోజు మనం గది తలుపు వేసుకోవడానికి ఏ కారణమో అదే. మతిమరుపు కూడా వయసు వల్ల వచ్చింది కాదు, నిప్పుల వాన మంత్రానికి చోటు చాలక పెళ్లిరోజు తేదీ తీసేశారు.

ఉర్సులా లె గ్విన్ 'ఎర్త్‌సీ' నవలలతో ఇంకా తేలిక. అక్కడ ఎవరి అసలు పేరు తెలిస్తే వాళ్ల మీద పట్టు దొరుకుతుంది, అందుకే బయటికి వేరే పేరుతో తిరుగుతారు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్! పైగా ఆ పాస్‌వర్డ్ మనం పెట్టుకున్నది కాదు, వేరేవాళ్లు పెట్టింది, పెట్టినాయనకి అది తెలుసు. మంత్రవిద్య నేర్చుకునే పిల్లలు ఒక బురుజులో కూర్చుని వస్తువుల అసలు పేర్ల జాబితాలు బట్టీ పట్టే ఘట్టం ఉంటుంది చూశారా, అది చదువు కాదు, సెక్యూరిటీ డిపార్ట్‌మెంట్‌లో ట్రైనింగ్.

సాక్ష్యాలు రెండు మూడు చాలు, అవి పుస్తకంలో నిజంగా ఉండాలి. అబద్ధపు సాక్ష్యం ఒక్కటి దొరికిందా, బోడిగుండుకీ మోకాలికీ వేసిన ముడి మొత్తం ఊడిపోతుంది. ముడి ఎంత వింతగా ఉన్నా పర్లేదు, గుండూ మోకాలూ మాత్రం అసలువే కావాలి.

రాసేటప్పుడు భాష పొడిగా ఉంచండి, ఆడిట్ రిపోర్టులాగా. మధ్యలో "హహహ" అని రాశారంటే జోకు అక్కడే చచ్చిపోతుంది. మామూలు సంగతి ముందు, కొంచెం అనుమానం తర్వాత, ఘోరం చివర్లో రావాలి. రొట్టె పాతదని మొదటి వాక్యంలోనే చెప్పేస్తే ఇంకేం మిగిలింది? కథలో ఎవరు చచ్చిపోయారో బయటపెడితే చదవనివాళ్లకి మజా పోతుంది, అది చెప్పకుండా థియరీ నిలబడకపోతే దాన్ని పక్కన పెట్టేసి ఇంకోటి అల్లుకోండి, రూల్సుకేం కరువు లేదు.

ప్రాక్టీసుకి ఒకటి ఇస్తాను. శాండర్సన్ నవల 'మిస్ట్‌బోర్న్'లో శక్తి కావాలంటే లోహపు రజను మింగి కడుపులో 'మండించాలి', తగరం మండిస్తే చెవులూ కళ్లూ విపరీతంగా పదునెక్కుతాయి. రాత్రంతా తగరం మండిస్తూ కాపలా కాసేవాడు ఒకడున్నాడనుకోండి, పక్క గదిలో గురక పెట్టేవాడు ఇంకొకడున్నాడనుకోండి. రాజ్యాలు ఎందుకు కూలతాయో ఇక మీరు రాయండి.