కొత్త దేశంలో ఇంటి కంప్యూటరును స్పైవేర్ నుంచి కాపాడుకోవడం

కొత్త దేశంలో కాపురం పెట్టిన తొలి నెలల్లో పాస్‌పోర్టు నకలు, వీసా పత్రాలు, అద్దె ఒప్పందం, బ్యాంకు దరఖాస్తు, జీతం కాగితాలు అన్నీ ఒకే కంప్యూటరులోకి చేరతాయి. మీ పేరుతో మరొకరు అప్పు తీసుకోవడానికి కావలసిన సరంజామా అంతా అక్కడే ఉంటుంది కనుక, ఇంటర్నెట్ కనెక్షన్ పెట్టించుకున్న రోజే స్పైవేర్ సంగతి కూడా చూసుకోవాలి. మీరు నొక్కే అక్షరాలను నమోదు చేయడం, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లను, లాగిన్ కుకీలను (మీరు లాగిన్ అయి ఉన్నారని సైటు గుర్తుపట్టేందుకు బ్రౌజర్‌లో ఉండే చిన్న ఫైళ్ళను) ఎత్తుకుపోవడం దాని పని. అదంతా జరుగుతున్నా పైకి ఏ తేడా కనిపించకపోవచ్చు. కంప్యూటరు బాగానే నడుస్తోంది కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

చాలామంది మొదట కొనేది ఇంకొకరు వాడిన కంప్యూటరే. అమ్మినవారు ఎంత మంచివారైనా, అందులో ఏమేమి చేరి ఉన్నాయో వారికే తెలియకపోవచ్చు. అందువల్ల ఒక్క పాస్‌వర్డ్ కూడా టైపు చేయకముందే విండోస్‌ను కొత్తగా ఎక్కించుకోండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ, రీసెట్ దిస్ పీసీ అన్న వరుసలో వెళ్ళి, ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ ఎంచుకుని, తర్వాతి తెరలో ‘క్లౌడ్ డౌన్‌లోడ్’ నొక్కితే, కంప్యూటరులోని పాత ఫైళ్ళతో కాక మైక్రోసాఫ్ట్ నుంచి దింపుకున్న ఫైళ్ళతో విండోస్ సిద్ధమవుతుంది. అది విండోస్ 10 అయితే మరో చిక్కు ఉంది. దానికి మామూలుగా వచ్చే ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11కు మారలేని, మైక్రోసాఫ్ట్ ఆ అప్‌డేట్లను కొంతకాలం పొడిగించే పథకంలోనూ చేర్చని కంప్యూటరు ఎంత చవకగా వచ్చినా బ్యాంకు పనులకు వాడకండి. ఆ లోటును ఏ యాంటీ స్పైవేర్ (స్పైవేర్‌ను పట్టి తొలగించే ప్రోగ్రాము) కూడా పూడ్చలేదు.

ఇక యాంటీ స్పైవేర్ ఎంపిక. వైరస్‌కు ఒకటి, స్పైవేర్‌కు ఇంకొకటి కొనుక్కోవాలన్న సలహా ఇప్పటికీ వినిపిస్తుంటుంది. అది పాత రోజుల మాట. మైక్రోసాఫ్ట్ 2004 చివర్లో జెయింట్ అనే సంస్థను కొని, దాని ఉత్పత్తినే 2006లో విండోస్ డిఫెండర్‌గా విడుదల చేసినప్పుడు అది స్పైవేర్‌ను మాత్రమే చూసేది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి వైరస్‌ల పని కూడా దానికే అప్పగించారు. ఇంట్లో వాడుకునే కంప్యూటరుకు ఎప్పుడూ మెలకువగా ఉండే కాపలాగా, విండోస్‌తో పాటే వచ్చే ఈ డిఫెండర్ సరిపోతుందని నా అభిప్రాయం. దానికి తోడుగా, అనుమానం వచ్చినప్పుడు మీరే నడిపి చూసుకోవడానికి మాల్‌వేర్‌బైట్స్ ఉచిత రూపం వంటిది ఒకటి ఉంచుకోవచ్చు. నిరంతరం కాపలా కాసే ప్రోగ్రాములను మాత్రం రెండు పెట్టకండి. అవి ఒకదానికొకటి అడ్డుపడి కంప్యూటరును నెమ్మదింపజేస్తాయి. కొత్త కంప్యూటరుతో పాటు వచ్చే ట్రయల్ ప్రోగ్రామును కొనదలచుకోకపోతే పూర్తిగా తొలగించండి, డిఫెండర్ తిరిగి పని అందుకుంటుంది. డబ్బు పెట్టి కొనాలనుకునేవారు ముందుగా ఏవీ-టెస్ట్, ఏవీ-కంపారటివ్స్ అనే స్వతంత్ర పరీక్షా సంస్థల ఫలితాలు చూసుకోవాలి. ఏటా దానంతటదే డబ్బు కోసుకునే ఏర్పాటు ఉందేమో కూడా కొనేటప్పుడే గమనించుకోవాలి.

మాక్ వాడేవారికి ఎక్స్‌ప్రొటెక్ట్ అనే రక్షణ లోపలే ఉంటుంది. అయినా పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రాములు మాక్‌కూ వస్తున్నాయి కాబట్టి కింద చెప్పే జాగ్రత్తలు వారికీ వర్తిస్తాయి.

కొత్తవారు ఎక్కువగా మోసపోయేది అసలు స్పైవేర్ కంటే దొంగ యాంటీ స్పైవేర్ చేతిలో. 2005 ప్రాంతంలో స్పైషెరిఫ్ అనేది లేని ప్రమాదాలను చూపించి, వాటిని తొలగించడానికి డబ్బు అడిగేది. ఇప్పుడు అదే ఎత్తుగడ బ్రౌజర్ లోపల నడుస్తోంది. ఏదో పేజీ తెరవగానే తెర అంతా ఎర్రగా నిండిపోతుంది, హెచ్చరిక గొంతు మోగుతుంది, మూసే గుర్తు కనబడదు, మధ్యలో ఒక ఫోన్ నంబరు ఉంటుంది. అది చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. ఆ దేశపు పద్ధతులు తెలియనివారికి, వీసాకు ఇబ్బంది అవుతుందేమోనని భయపడేవారికి మరీను. నిజమైన మైక్రోసాఫ్ట్ హెచ్చరికలో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. ఎస్కేప్ మీటను కాసేపు నొక్కి పట్టుకోండి. అప్పటికీ పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ముగించండి. ఫోన్ చేస్తే అవతలివారు ఎనీడెస్క్ వంటి ప్రోగ్రాము పెట్టమని అడుగుతారు. పెడితే కంప్యూటరు వారి చేతిలోకి పోతుంది. తెర మూలన పదేపదే అలాంటి హెచ్చరికలు వస్తుంటే, మీరు ఎప్పుడో ఒక సైటుకు నోటిఫికేషన్ అనుమతి ఇచ్చి ఉంటారు. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో దాన్ని తీసేస్తే చాలు.

వాడకంలో పెద్ద శ్రమ లేదు. విండోస్ సెక్యూరిటీ తెరిచి, యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్‌లోని రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఉచిత ప్రోగ్రాములతో పాటు చడీచప్పుడు లేకుండా దిగే అనవసరపు సరుకును ఆపేది అదే. అప్పుడప్పుడు ఫుల్ స్కాన్ పెట్టుకోండి. స్కాన్‌లో ట్రాకింగ్ కుకీలు (ప్రకటనల కోసం సైట్లు పెట్టే చిన్న ఫైళ్ళు) మాత్రమే దొరికితే కంగారు పడనక్కరలేదు. ఏదైనా ప్రోగ్రాము దొరికితే వెంటనే చెరిపేయకుండా క్వారంటైన్‌లో (పని చేయకుండా విడిగా బంధించి) ఉంచితే, పొరపాటున పట్టుబడిన మంచి ఫైలును వెనక్కి తెచ్చుకోవచ్చు. మొండిగా మళ్ళీ మళ్ళీ వచ్చేవాటికి డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఉంది. అది విండోస్ లేవకముందే పని చేస్తుంది కాబట్టి స్పైవేర్‌కు దాక్కునే చోటు తగ్గుతుంది.

నిజంగానే స్పైవేర్ పట్టుబడితే ముందు ఇంటర్నెట్ ఆపండి. పాస్‌వర్డ్‌లను ఆ కంప్యూటరు నుంచి కాకుండా వేరే పరికరం నుంచి మార్చండి. ముందుగా ఈమెయిల్, తర్వాత బ్యాంకు. ప్రతి ఖాతాలోనూ ‘అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్’ తప్పనిసరిగా నొక్కండి, ఎందుకంటే దొంగిలించిన కుకీ ఉన్నవాడికి పాస్‌వర్డ్ అడగకుండానే తలుపు తెరుచుకోవచ్చు. బ్యాంకుకు చెప్పడానికి మొహమాటపడకండి.

ఇంట్లోవారే మీ మీద నిఘా పెట్టారన్న అనుమానం ఉంటే పద్ధతి వేరు. దాన్ని తొలగించిన క్షణమే అవతలివారికి తెలిసిపోవచ్చు, దానితో ప్రమాదం పెరగవచ్చు. అలాంటప్పుడు వారి చేతికి అందని ఫోనో, గ్రంథాలయంలోని కంప్యూటరో వాడి, ఆ దేశంలో గృహహింస బాధితులకు సాయం చేసే సంస్థతో మాట్లాడాకే దాని జోలికి వెళ్ళండి.